రొట్టె నాదే, కూరా నాదే

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడకు ఆనుకున్న కోడలు పిల్లా, వీపు ఎత్తమ్మా, సున్నం అంటుతుంది. చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు ఒలుస్తూనే వినండి, చెవి మాత్రం ఇటు వేయండి. ఒక దసరా పండుగకు నేను ఒక్కదాన్నే కష్టపడి, ఎవరి సాయమూ లేకుండా, మా బతుకుతెరువును నిండా ముంచబోయిన కథ ఇది. వరద వచ్చి మునిగితే మనిషి తప్పు లేదంటారు. నేను మునిగింది నా బిడ్డ చదివిన పాఠంలో సగం విని.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఒక షట్టర్ గది తీసుకుని, నేనూ వరలక్ష్మీ చిన్న భోజనాల దుకాణం నడిపేవాళ్లం. వరలక్ష్మిది గోదావరి వైపు. వాళ్లాయనకు రైల్వేలో పని దొరికితే ఇటు వచ్చి, మా పక్క సందులో దిగారు. నేను ఆమెను చెల్లె అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. జొన్నరొట్టెలు నేను తట్టేదాన్ని, గుత్తి వంకాయ కూర ఆమె వండేది. ఎవరేం చేయాలని మేమెప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. మొదటి రోజు నేను పీట ముందు కూర్చున్నాను, ఆమె పొయ్యి ముందు నిలబడింది, అంతే. వంకాయలు కొనడం మాత్రం ఇద్దరం కలిసి పోట్లాడుతూ చేసేవాళ్లం.

దుకాణం ఇంకా కాళ్ల మీద నిలబడలేదు. షట్టర్ యజమాని ముసలాయన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఒకటే మాట. "దసరా దాకా చూస్త బిడ్డా. నమ్మకమైన గిరాకీ కుదిరితే ఉండుండ్రి. లేకుంటే షట్టర్ ఫోన్ల దుకాణపోనికి ఇస్త." ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా సంధ్య ఇంటర్ పరీక్షకు చదువుకుంటోంది. అది గట్టిగా చదువుతుంది, వీధి మొత్తం పాసైపోయేంత గట్టిగా. నేను మినుములు ఏరుతూ వింటున్నాను. రెండు దేశాలట, రెండు సరుకులట. ఒకే వనరులతో ఎదుటివారికంటే ఎక్కువ ఉత్పత్తి చేసేవారికి నిరపేక్ష ప్రయోజనం ఉన్నట్టట.

"జర ఆగవే. గా మాట ఏంది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"ఏం లేదమ్మా. ఇద్దరికి ఒక్కతీరు పిండి ఇచ్చినం, ఒక్కటే పొయ్యి ఇచ్చినం, ఒక్కతీరు టైమ్ ఇచ్చినం అనుకో. ఎవరు ఎక్కువ రొట్టెలు చేస్తే రొట్టెలల్ల వాళ్లది నిరపేక్ష ప్రయోజనం. అంటే వాళ్లదే పైచెయ్యి."

"అంటే నేను!"

"ఆ, రొట్టెలల్ల నువ్వే."

"మరి కూరల?"

"అది వరలక్ష్మి పిన్ని..."

"ఎవలు చెప్పిన్రు? ఎప్పుడన్న కొలిచినమా?"

"అమ్మా, పాఠం ఇంకా అయిపోలేదు. అసలు సంగతి ఇప్పుడొస్తది."

"చాలు చాలు. మిగిలింది రేపు చదువు, గొంతు పోతది."

పిల్ల గొంతు మీద నాకున్న ఆ ప్రేమ ఎంత పని చేసిందో మున్ముందు చూస్తారు.

తెల్లారి దుకాణంలో పందెం పెట్టాను. న్యాయం చెప్పే పెద్దమనిషిగా మా ఆయన ఐలయ్యను కూర్చోబెట్టాను. ఆయన మిల్లులో షిఫ్టు దిగి వచ్చి, నిద్ర కళ్లతో, ఎందుకు కూర్చున్నాడో తెలియకుండా కూర్చున్నాడు. ముందు రొట్టెలు. వరలక్ష్మి ఒకటి తట్టి, దాని అంచు సరిచేసి, దాన్ని పెనం మీదికి ఎట్లా ఎత్తాలా అని ఆలోచించే లోపు నావి మూడు పొంగి దిగాయి. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఆమె కూడా నవ్వింది.

తర్వాత కూర. ఇక్కడ నవ్వు ఆగింది. ఆమె సన్న మంట మీద ఒక్కో వంకాయను పసిపిల్లను పక్క మార్చినట్టు మారుస్తోంది. నేను చకచకా కూరి, చకచకా తిప్పి, ఆమెకంటే కాస్త ముందు దించాను. కాస్తే. వరలక్ష్మి కొత్తిమీర చల్లుతుండగా నేను మూత పెట్టాను, అంత తేడా.

"తిని చెప్పు, ఎట్లున్నది?" అన్నాను మా ఆయనతో.

ఆయన నావైపు చూశాడు, వరలక్ష్మి వైపు చూశాడు, గుమ్మం వైపు ఆశగా చూశాడు. "రెండు ఒక్కతీరే ఉన్నయి" అన్నాడు.

"ఒక్కతీరే ఉన్నప్పుడు ముందు దించినోళ్లదే పైచెయ్యి కదా?"

"నీదే, నీదే. నేను పోయి పండుకోవాల్నా?"

గెలిచినదాన్ని గెలిచినట్టు ఊరుకోవచ్చు కదా! లేదు. నడుము మీద చెయ్యి పెట్టి, వరలక్ష్మితో తియ్యగా అన్నాను, "చెల్లె, రెండిట్లో నాదే పైచెయ్యి అని తేలింది. నువ్వెందుకు తిప్పలవడుడు? ఇంటికాడ జర ఆరాం చెయ్యి. ఇది నేను జూసుకుంట."

ఆమె గరిటె కడిగి, తుడిచి, మేకుకు తగిలించింది. "అలాగా అక్కా? సరే మరి. రొట్టె నీదే, కూరా నీదే. షట్టర్ కూడా నువ్వే దించుకో" అని చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ చెంగు దులపడం నాకు ఆ రోజు కనిపించలేదు. నా కళ్ల ముందు నా గెలుపే కొండంత అడ్డం నిలబడి ఉంది.

ఉన్న కొద్దిపాటి గిరాకీకి నా రెండు చేతులు సరిపోయాయి. అదే నన్ను ముంచింది. కొన్నాళ్లు ఇబ్బంది పడకుండా గడిచేసరికి నాకంత తెలివైన మనిషి ఉప్పల్ నుంచి మౌలాలి దాకా లేదనిపించింది.

అప్పుడు వచ్చాడు నర్సింలు. మా వెనక ఫ్యాక్టరీల్లో బోల్టులు చేసే వర్క్‌షాప్ ఒకటుంది, దాని సూపర్‌వైజరు.

"అక్కా, నవమి నాడు మా వర్క్‌షాప్‌ల ఆయుధ పూజ. పూజ కాంగనే అందరికి భోజనం. జొన్నరొట్టెలు, గుత్తి వంకాయ. జేస్తవా?"

"పండుగకు జొన్నరొట్టెలేంది తమ్మీ?"

"మా సేటుకు షుగరు. ఆయన ముంగట రొట్టె, మా ముంగట బూరెలు పెట్టుకుంటే బాగుంటదా? అందరికి రొట్టెనే అన్నడు. గుట్టల రొట్టెలు కావాలె. నచ్చితే పండుగ తెల్లారి నుంచి రోజూ మా వర్క్‌షాప్ భోజనం మీదే."

రోజూ భోజనం అంటే షట్టర్ మాదే! ముసలాయన నోరు మూతపడినట్టే!

నర్సింలు లోపలికి తొంగి చూశాడు. "ఆ కూర వండే అక్క లేదా?"

"ఆమెతోని ఏం పని? నేనున్న కదా."

"మస్తు మంది తింటరక్కా. ఒక్కదానివి..."

"నువ్వు ఫికర్ చెయ్యకు. రెండిట్లో నాదే పైచెయ్యి."

నవమి నాడు చీకటి విడవకముందే దుకాణం తెరిచాను. సందులో ఆటోలన్నీ అరటి పిలకలు కట్టుకుని పెళ్లికొడుకుల్లా నిలబడ్డాయి. గుమ్మడికాయలు పగులుతున్నాయి, బంతిపూల వాసన. నేను పెద్ద గంగాళంలో నీళ్లు మరిగించి, ఉన్న పిండి మొత్తం ఒక్కసారే తడిపి పిసికేశాను. తొందరగా అయిపోతుందని నా ఉపాయం! జొన్నపిండి తడిపి చేసుకున్న ఆడవాళ్లంతా ఇప్పుడు తల పట్టుకున్నారు, నాకు కనిపిస్తోంది. గోధుమపిండి అయితే తడిగుడ్డ కప్పితే బుద్ధిగా కూర్చుంటుంది. జొన్నపిండి అట్లా కాదు. వేడి మీద తట్టితే మాట వింటుంది, చల్లారిందా, ఇక మన మనిషి కాదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. రొట్టె మీద రొట్టె పొంగుతోంది. ఇంతలో పక్క పొయ్యి మీద వంకాయలు చిటపటమన్నాయి. లేచాను. ఒక్కో వంకాయనూ తిప్పాను. వచ్చి చూస్తే పెనం మీద రొట్టె నల్లగా నన్నే చూస్తోంది. దాన్ని పారేసి ఇంకో ముద్ద తీసుకుంటే, అంచులు నా మడమల్లాగా పగిలాయి. మళ్లీ వేడి నీళ్లు చల్లి పిసికాను. పిసికే లోపు కూర పిలిచింది. కూర దగ్గరికి పోతే రొట్టె పోతోంది, రొట్టె దగ్గర కూర్చుంటే కూర పోతోంది. పీటకీ పొయ్యికీ మధ్య నేను తిరిగిన తిరుగుడుకు నేల అరిగి ఉంటుంది.

మా ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఏందే, గిట్ల చెమటలు?"

"మాట్లాడకు. కూర్చో. రొట్టెలు తట్టు."

"నేనా?"

"నువ్వే. మిల్లుల అంత పెద్ద మిషిన్లు తిప్పుతవు, గింత ముద్ద తట్టలేవా?"

ఆయన తట్టాడు. నేను వెనక్కి తిరిగి చూసి బిత్తరపోయాను.

"గిదేంది?"

"రొట్టె."

"రొట్టెకు తోక ఉంటదా?"

"తోక కాదే, పట్టుకునేటందుకు."

ఆ తోక రొట్టె మీద మేం వాదించుకుంటుండగా అటు కూర గంగాళం అడుగు అంటింది. మాడు వాసన సందు మొత్తం నిండింది. మూత తీశాను. పైన వంకాయలు నిగనిగలాడుతున్నాయి, గరిటె లోపలికి దింపితే కింద బొగ్గు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నర్సింలు స్కూటర్ ఆగింది.

"అక్కా, పూజకు మిషిన్లన్ని కడిగి బొట్లు పెడుతున్నరు. కొబ్బరికాయ కొట్టంగనే ఇస్తర్లు ఏస్తరు. తయారేనా?"

"ఆ, అయితున్నది."

ముక్కు ఎగబీల్చాడు. "ఏందో కాలినట్టున్నది?"

"పక్కింటోళ్లు చెత్త కాలవెడుతున్నరు."

"పండుగ నాడా?"

"వాళ్లకు గదే పండుగ తమ్మీ."

అతను నా వెనక ఉన్న రొట్టెల దొంతర చూశాడు. దొంతర అనకూడదు, అది మోకాలి ఎత్తు కూడా లేదు, పైన తోక రొట్టె ఒకటి. అతని మొహం మారింది. "అక్కా, నా మాట మీద సేటు ఒప్పుకున్నడు. తేలేనంటే ఇప్పుడే చెప్పు, ఉప్పల్ పోయి హోటల్ల పూరీలు కట్టించుకుంట. పది మందిల నన్ను తిట్టించకు."

"తెస్త తమ్మీ. నా మీద ఒట్టు."

స్కూటర్ సందు మలుపు తిరిగింది. నేను పిండి చేతులతో నేల మీద కూలబడ్డాను. గాజు అద్దాల వెనక ఫోన్లు వరసగా పేర్చిన దుకాణం, మా పొయ్యి ఉన్న చోటే, కళ్ల ముందు కనిపించింది.

సంధ్య పూలు కొనుక్కుని అప్పుడే వచ్చింది. తల్లిని చూసింది, తండ్రిని చూసింది, తోక రొట్టెను చూసింది.

"పిన్ని ఏది?"

"ఆమెను నేనే పొమ్మన్న. నీ పాఠమే చెప్పింది కదే, రెండిట్లో నాదే పైచెయ్యి అని!"

"పాఠం గట్ల చెప్పలేదమ్మా! రెండిట్లో పైచెయ్యి ఉన్నా సరే, ఎక్కడ మరీ ఎక్కువ ఉన్నదో ఆ పనే చెయ్యాలె అని చెప్పింది. రొట్టెలల్ల నువ్వు పిన్నికి మూడింతలు. కూరల ఇద్దరు ఇంచుమించు ఒక్కటే. నువ్వు కూర కాడ నిలవడ్డంత సేపు రొట్టెలు పోతున్నయి. పిన్ని కూర కాడ నిలవడితే ఏం పోతున్నది? ఆమె ఎట్లాగో రొట్టెలు చెయ్యదు!"

"ఇంత ముఖ్యమైన సంగతి సగంల ఎందుకు ఆపినవే?"

"నువ్వే ఆపమన్నవు, నా గొంతు పోతదని!"

పరుగెత్తాను. చెప్పులు వేసుకోలేదు, కొంగు ఎక్కడుందో తెలియదు. పక్క సందులో వరలక్ష్మి వాళ్లాయన బండికి పసుపు రాస్తోంది. నన్ను చూసి కూడా చూడనట్టు బొట్టు పెట్టుకుంటూ పోయింది, హ్యాండిల్‌కు, అద్దానికి, సీటుకు. ఆ బండికి అన్ని భాగాలు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

"ఏంటక్కా, చేతినిండా పిండి? మా వాకిట్లో ముగ్గు వేద్దామని వచ్చావా?"

"చెల్లె, కూర మాడింది."

"నీ కూరే? నాకంటే ముందు దించేస్తావు కదా!"

"దించేటందుకు మనిషి లేదు. ఆ మనిషి రొట్టెల కాడున్నది."

"ఎవరా మనిషి?"

"నేనే."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో కోపమో తెలియలేదు. "అయినా నాతో నీకేం పనిలే. రెండింటిలోనూ నీదే పైచెయ్యి అన్నావుగా."

"పైచెయ్యే చెల్లె. కానీ చేతులు రెండే ఉన్నయి."

పసుపు గిన్నె కింద పెట్టింది. నా మొహం చూసింది. "మంట దగ్గరికి వచ్చావంటే ఊరుకోను. తొందర పెట్టావంటే గరిటె పారేసి వచ్చేస్తాను. తెలిసిందా?"

"నీ కాళ్లు మొక్కుత, రా."

"పండగ పూట కాళ్లెందుకులే, పద."

ఇక ఆ తర్వాత గడిచిన కాలం నన్ను అడగకండి. ఉప్పునీళ్లలో ఇంకో గంప వంకాయలు మిగిలి ఉండటం నా అదృష్టం. మసాలా ముద్ద వేరే గిన్నెలో ఉండటం దానికి మించిన అదృష్టం. సంధ్య ఇంట్లో ఉన్న జొన్నపిండి తెచ్చి, కొద్దికొద్దిగా వేడి నీళ్లు పోసి కలిపి ఇస్తోంది, నేను తడుతున్నాను. నా చేతులు నాకే కనిపించలేదు. మా ఆయనను రొట్టెల నుంచి తప్పించి విసనకర్ర ఇచ్చాం. ఆయనకు ఆ పనిలో ఎవరూ సాటి రారని అప్పుడు తెలిసింది.

వరలక్ష్మి మాత్రం సన్న మంట. ఆ వంకాయను అటు పక్క, ఈ వంకాయను ఇటు పక్క, నిదానంగా.

"చెల్లె..."

"ఆఁ?"

"ఏం లేదు."

కాసేపటికి మళ్లీ, "చెల్లె, అక్కడ కొబ్బరికాయ..."

గరిటె గిన్నె అంచుకు టంగున తగిలింది. నేను నోరు మూసుకుని రొట్టె తట్టాను. వర్క్‌షాప్ వైపు నుంచి గంట మోగడం మొదలైంది. నర్సింలు ఆటో తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. రొట్టె చప్పుడు, గంట చప్పుడు, అంతే.

"దించండి" అంది వరలక్ష్మి.

గిన్నెలూ గంపలూ ఆటోలో ఎక్కించే సరికి గంట ఆగింది. టప్పున కొబ్బరికాయ పగిలిన శబ్దం మా సందు దాకా వినిపించింది. ఆటో వెళ్లిపోయింది.

అందిందో, ఆలస్యమైందో, నచ్చిందో లేదో! మేం నలుగురం గుమ్మంలో కూర్చున్నాం. షట్టర్ యజమాని ముసలాయన పండుగ చొక్కా వేసుకుని ఆ సందులోనే రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. వరలక్ష్మి చేయి నా చేతిని పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

చివరికి ఆటో తిరిగొచ్చింది. నర్సింలు దిగాడు. మొహం గంభీరంగా పెట్టాడు, దొంగవాడు! "అక్కా, సేటు తిన్నడు."

"తిని?"

"ఇంకో రొట్టె అడిగిండు. లేదన్నం. మా అందరి మీద ఒర్రిండు, అన్ని మీరే తిన్నరని. రేపు దసరా, ఎల్లుండి నుంచి రోజూ భోజనం పంపాలె. రొట్టె ఇదే చెయ్యి, కూర ఇదే చెయ్యి, మారొద్దన్నడు."

ముసలాయన అది విని దగ్గి, "ఫోన్ల దుకాణపోనికి వేరే షట్టర్ జూస్తలే" అని ఇంటి దారి పట్టాడు. నేను వరలక్ష్మిని వాటేసుకున్నాను. ఇద్దరమూ ఏడ్చాం, ఇద్దరమూ నవ్వాం. మా ఆయన కూర్చున్నచోటే నిద్రపోయాడు.

అప్పుడు దించాడు నర్సింలు ఆటోలోంచి గిన్నెలు. అవి గిన్నెలా? జిడ్డు పట్టిన కొండ! దానికి తోడు మాడిన గంగాళం, పిండి ఎండిన పళ్లాలు.

వరలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని ఎంతో ప్రేమగా అడిగింది. "అక్కా, అంట్లు తోమడంలో మనిద్దరిలో ఎవరు చురుకు?"

ఒక్క క్షణం ఆలోచించి ఉండొచ్చు కదా! నా నాలుక నన్ను అడగదు. "ఇంకెవలు, నేనే! నువ్వు ఒక్క గిన్నె తోమేలోపు నేను..."

కొబ్బరి పీచు నా చేతిలో పడింది.

"సంధ్యా!" అని అరిచాను. "పాఠం రెండో సగం చెప్పవే మీ పిన్నికి! నేను ఇక్కడ కూర్చుంటే అక్కడ రొట్టెలు పోవా?"

మా సంధ్య జడలో పూలు పెట్టుకుంటూ చల్లగా చెప్పింది. "ఇయ్యాల ఇంక రొట్టెల పని లేదు కదమ్మా. నీ చేతులు ఖాళీనే. పాఠం ప్రకారం అన్ని నువ్వే తోమాలె."

తోమాను. వరలక్ష్మి అరుగు మీద కాళ్లు చాపుకుని, ఎక్కడెక్కడ జిడ్డు ఉందో నిదానంగా చూపిస్తూ ఉంటే, మొత్తం నేనే తోమాను.

ఆ గంగాళం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఏ పనిలోనైనా సరే, ఎవరికంటేనైనా సరే, నాదే పైచెయ్యి అని ఈ జన్మలో పైకి అనను. ఎవరైనా అడిగితే, నాకు ఏ పనీ చేతకాదని దేవుడి ఎదుట కూడా అబద్ధమాడతాను. పాఠమంటూ వింటే చివరిదాకా వింటాను, చదివేవాళ్ల గొంతు పోయినా సరే.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ ఆరకూడదు, మీ గిన్నె ఎప్పుడూ అడుగంటకూడదు. రొట్టె తట్టే చెయ్యి ఒకటి, కూర కలిపే చెయ్యి ఒకటి మీ ఇంట్లో ఎప్పుడూ పక్కపక్కనే ఉండాలి. తిన్నవాళ్లంతా ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి.